పెరట్లో పూల్, చేతిలో చెక్కుబుక్కు

టెక్సస్ రాష్ట్రంలో పచ్చికకు నీళ్లు చల్లే స్ప్రింక్లర్లు బిగించాలంటే ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. సెలూన్‌లో కత్తెర పట్టాలన్నా ఉండాలి. ఇంటి వెనక గొయ్యి తవ్వి, ఇనుము కట్టి, కాంక్రీటు కొట్టి స్విమ్మింగ్ పూల్ కట్టే బిల్డరుకు మాత్రం రాష్ట్రం ఏ లైసెన్సూ అడగదు. అందులో కరెంటు పని చేసేవాళ్లకు లైసెన్సు కావాలి, కొన్ని ఊళ్లలో బిల్డరు నగరపాలక కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి, అంతవరకే. కాలిఫోర్నియాలో సంగతి వేరు. అక్కడ పూల్ కట్టేవాళ్లకు సి-53 అని ప్రత్యేకమైన లైసెన్సు ఉంది. సంతకాల నాడు తీసుకునే అడ్వాన్సు 1,000 డాలర్లు, లేదా మొత్తంలో పదో వంతు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని దాటకూడదు. ఫ్లోరిడాలోనూ పూల్ కాంట్రాక్టరుకు లైసెన్సు తప్పదు. టెక్సస్ ఆ బరువంతా ఇంటి యజమాని నెత్తినే పెట్టింది. డాలస్ చుట్టూ ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ లాంటి ఊళ్లలో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఇది బాగా తెలియాల్సిన విషయం. ఇల్లు కొన్న రోజున బ్యాంకు, టైటిల్ కంపెనీ, ఇన్‌స్పెక్టరు అందరూ మధ్యలో ఉన్నారు. పూల్ దగ్గరికొచ్చేసరికి మిగిలింది యజమాని, బిల్డరు, ఇద్దరి మధ్యా ఒక పీడీఎఫ్.

బిల్డరును ఎంచుకునే తీరు దాదాపు అందరిదీ ఒకటే. ముగ్గుర్ని పిలిచి కొటేషన్లు తీసుకుంటారు. ముగ్గురూ 3డి బొమ్మలు చూపిస్తారు. ఆ బొమ్మల్లో ఎప్పుడూ సాయంత్రమే, ఆకు ఒక్కటి రాలదు, ఓ మూల మంట వెలుగుతూ ఉంటుంది. తర్వాత వాట్సాప్ గ్రూపులో ఫలానా బిల్డరు ఎలా చేస్తాడని వాకబు చేస్తారు. ధర, బొమ్మ, పేరు. లక్ష డాలర్లు దాటడం ఇప్పుడు మామూలైపోయిన పనికి ఈ మూడే ఆధారం. ఇవి పనికిరావని అనను. కానీ పూల్ పని చెడితే ఎక్కడ చెడుతుందో ఈ మూడింటిలో ఏదీ చూపించదు. అది కనిపించేది ఒప్పందం చివరి పేజీల్లో ఉండే చెల్లింపుల పట్టికలో. అక్కడివాళ్లు దాన్ని డ్రా షెడ్యూల్ అంటారు. ఏ దశకు ఎంత చెక్కు ఇవ్వాలో చెప్పే ఆ నాలుగైదు వరసలే, లైసెన్సు పెట్టని రాష్ట్రంలో యజమాని చేతిలో ఉన్న అసలైన పట్టు. ఎవరి ధర తక్కువ, ఎవరి బొమ్మ బాగుంది అన్న ప్రశ్నల కంటే ముందు, ఎవరు ఎంత డబ్బు ఎంత ముందుగా అడుగుతున్నారన్నది చూడాలని నా వాదన.

పూల్ బిల్డరు నిజానికి ఏం చేస్తాడో తెలిస్తే ఈ వాదన ఎందుకో అర్థమవుతుంది. చాలా కంపెనీల్లో తవ్వే మిషనూ వాళ్లది కాదు, చువ్వలు కట్టే మనుషులూ వాళ్లవాళ్లు కారు. తవ్వకానికి ఒకరు, ఇనుముకు ఒకరు, గొట్టాలకు ఒకరు, కాంక్రీటు కొట్టేందుకు ఒక బృందం, టైల్సూ అంచు రాళ్లూ పేర్చే మేస్త్రీలు, ఎలక్ట్రీషియన్, చుట్టూ డెక్ పోసేవాళ్లు, చివరికి ప్లాస్టరు పూసేవాళ్లు. అందరూ సబ్‌కాంట్రాక్టర్లే. వీళ్లను వరసలో నిలబెట్టడం, ఒకరి పని చూసి గానీ ఇంకొకరిని దించకపోవడం, ఎవరి డబ్బు వాళ్లకు సమయానికి ఇవ్వడం, బిల్డరు అమ్మే సరుకు ఇదే. కాబట్టి అతని దగ్గర డబ్బు ఎలా తిరుగుతుందో అదే అతని పనితనం. మీ అడ్వాన్సుతో మీ గొయ్యి తవ్వించేవాడు ఒకడు. మీ అడ్వాన్సుతో అంతకు ముందు కస్టమరుకు ప్లాస్టరు చేయించేవాడు ఇంకొకడు. కొత్త ఆర్డర్లు జోరుగా వచ్చినంతకాలం ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. 2020, 2021ల్లో కోవిడ్ వల్ల అందరూ ఇళ్లకు అతుక్కుపోయినప్పుడు అమెరికా అంతటా పూల్స్ గిరాకీ అమాంతం పెరిగింది. ఆ తర్వాత వడ్డీ రేట్లు పెరిగి గిరాకీ సన్నగిల్లింది. కొత్త అడ్వాన్సుల మీద పాత పనులు నెట్టుకొచ్చేవాడు అలాంటి రోజుల్లోనే చేతులెత్తేస్తాడు. అప్పుడు నష్టపోయేది చేసిన పనికి మించి డబ్బు కట్టేసిన యజమాని.

ఉదాహరణకు 1,00,000 డాలర్ల ఒప్పందం తీసుకోండి. సంతకానికి 10 శాతం, తవ్వకం మొదలుపెట్టే రోజున 30, గనైట్ అనే కాంక్రీటు కొట్టే రోజున 40, డెక్‌కు 15, ప్లాస్టరుకు 5 అని పట్టిక ఉందనుకుందాం. ఈ తరహా పట్టికలు అరుదేమీ కాదు. ఇందులో గమనించాల్సింది అంకెల కంటే ఆ మాటలు. 'మొదలుపెట్టే రోజున', 'కొట్టే రోజున' అంటే పని అవ్వకముందే డబ్బు. మిషను గేటు దగ్గరికి వచ్చి నిలబడుతుంది, చెక్కు చేతిలో పడితే గానీ లోపలికి రాదు. ఈ లెక్కన గనైట్ ట్రక్కు వచ్చిన పొద్దుటికే 80,000 డాలర్లు వెళ్లిపోయాయి. అప్పటికి పెరట్లో ఉన్నది ఒక గొయ్యి, అందులో చువ్వల అల్లిక, కొన్ని తెల్ల గొట్టాలు. ఇక మిగిలిన 20,000 కోసం బిల్డరు టైల్స్, డెక్, మోటార్లు, ప్లాస్టరు, నగరం వారి తుది తనిఖీ అన్నీ చేయించాలి. అతనికి అక్కడ లాభం లేదు, ఖర్చే ఉంది. ఫోన్లు ఎత్తకపోవడం సరిగ్గా ఆ దశలోనే మొదలైతే అది మనిషి గుణం మీద మాత్రమే తోసేయాల్సిన విషయం కాదు, పట్టికే అలా రాసి ఉంది.

పైగా పూల్‌లో ప్రాణమంతా గనైట్‌కు ముందు, గనైట్ రోజునే ఉంటుంది. ఆ తర్వాత అది టైలు కిందకీ ప్లాస్టరు కిందకీ వెళ్లిపోతుంది, మళ్లీ చూడాలంటే పగలగొట్టడమే. అందుకే ఆ దశ దగ్గర కాసేపు ఆగి చూద్దాం. చువ్వల అల్లిక మట్టిని తాకకూడదు, కింద చిన్న దిమ్మలు పెట్టి పైకెత్తాలి. మన దగ్గర స్లాబు పోసేటప్పుడు చువ్వల కింద పెట్టే కవర్ బ్లాకుల పనే ఇక్కడా. మట్టిని తాకిన చువ్వ తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును లోపలినుంచి పగలగొడుతుంది. ఆ చువ్వలకు 8వ నంబరు రాగి తీగ ఒకటి బిగించి ఉండాలి. అది పూల్ చుట్టూ తిరిగి మోటారును, మెట్ల దగ్గరి ఇనుప పట్టీలను, నీళ్లను కూడా ఒకే విద్యుత్ మట్టానికి తెస్తుంది. ఎక్కడైనా కరెంటు లీకైనా నీళ్లలో ఉన్న మనిషి గుండా ప్రవహించకుండా కాపాడేది ఆ తీగే. గొట్టాలు మూసి గాలితోనో నీళ్లతోనో ఒత్తిడి పెట్టి, పైన ఒక గేజి బిగించి ఉంచుతారు. గనైట్ కొట్టేటప్పుడు ఎవరి కాలి కిందైనా పడి గొట్టం చిట్లితే గేజి ముల్లు పడిపోతుంది. ఆ ముల్లు పొద్దున ఎక్కడుంది, సాయంత్రం ఎక్కడుంది అని ఫోన్‌తో రెండు ఫొటోలు తీసుకోవడానికి ఇంజనీరింగు చదవక్కర్లేదు.

గనైట్ అంటే పొడి సిమెంటు, ఇసుక గాలి ఒత్తిడితో లావుపాటి గొట్టంలో వచ్చి, చివర నాజిల్ దగ్గర నీళ్లతో కలిసి గోడకు కొట్టుకునే కాంక్రీటు. దాని పుట్టుక ఒక వింత. షికాగో మ్యూజియంలో జంతువుల కళేబరాలకు రూపం పోసే కార్ల్ ఏక్లీ, 1907 ప్రాంతంలో మ్యూజియం భవనం పైపూత బాగుచేయడానికి కనిపెట్టిన యంత్రమే దీనికి మూలం. నీళ్లు ఎంత కలవాలన్నది ఏ మిక్సరూ నిర్ణయించదు, నాజిల్ పట్టుకున్న మనిషి చేతి నేర్పే నిర్ణయిస్తుంది. కొట్టినదంతా గోడకు అంటుకోదు. కొంత ఇసుక, కొంత సిమెంటు ఎగిరి కింద పడుతుంది, దాన్ని రెబౌండ్ అంటారు. అందులో సిమెంటు పాలు తక్కువ, బలం ఉండదు. దాన్ని పారతో ఎత్తి బయట పారేయాలి. తొందరలో ఉన్న బృందం దాన్నే మెట్ల దగ్గర, మూలల్లో, కూర్చునే అరుగుల్లో నింపి పైన చక్కగా నున్నగా చేస్తుంది. చూడటానికి తేడా తెలియదు. మెట్లు పగిలేది కొన్నేళ్లకు. ఆ రోజు పెరట్లో బిల్డరు తరఫు మనిషి ఒకరు నిలబడి ఉన్నారా లేదా అన్నది 3డి బొమ్మ చెప్పదు. గనైట్ అయ్యాక కొట్టిన పని చూసి ఇచ్చే చెక్కు ఉంటే మాత్రం ఎవరో ఒకరు నిలబడతారు. ఆ తర్వాత కొన్ని రోజులు ఆ గోడలను తడుపుతూనే ఉండాలి. క్యూరింగు సంగతి స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలబెట్టిన మనవాళ్లకు చెప్పక్కర్లేదు. కానీ చాలా ఒప్పందాల్లో ఆ పని యజమానిదే అని ఉంటుంది. ఆ వాక్యం ముందే చదివితే గనైట్ కొట్టిన మర్నాడే ఇండియా ప్రయాణం పెట్టుకోరు.

డాలస్ పెరళ్లకు ఇంకో చిక్కుంది, అది మట్టి. ఆ ప్రాంతంలో చాలాచోట్ల ఉన్నది గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ రైతులు చూడగానే గుర్తుపట్టే నల్లరేగడి లాంటిదే. పుట్టుక వేరు. మన రేగడి ఎక్కువగా దక్కను నల్లరాతి నుంచి వచ్చింది, అక్కడిది సుద్దరాయి, షేల్ పొరల నుంచి. గుణం మాత్రం ఒకటే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, సగటున 5 అడుగుల లోతున్న పూల్‌లో సుమారు 17,000 గ్యాలన్ల నీళ్లు పడతాయి, వాటి బరువే 64 టన్నులు. అంత బరువున్న తొట్టి కింద మట్టి ఒకవైపు ఉబ్బి ఇంకోవైపు కుంగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అందుకే మట్టి పరీక్ష నివేదిక ఉందా, దాన్ని బట్టి ఇంజనీరు చువ్వల మందం, దూరం నిర్ణయించాడా అని అడగాలి. ఇంకో చిన్న వివరం చూడండి. పూల్ అంచు రాయికీ డెక్‌కూ మధ్య ఒక వేలు పట్టేంత సందు వదిలి మెత్తని రబ్బరు లాంటి పదార్థంతో నింపాలి. ఆ సందు లేకుండా డెక్‌ను అంచుకు ఆనించి పోస్తే, మట్టి ఉబ్బినప్పుడు డెక్ వచ్చి అంచును తోస్తుంది, నీటిగీత దగ్గరి టైల్సు వరసగా ఊడిపోతాయి. ఊడిన టైల్సు చూసి జిగురు బాగాలేదంటారు, కారణం డెక్ పోసిన రోజున ఉంది. తవ్వుతుంటే రాయి తగిలితే గంటకింత అదనం అన్న వాక్యం కూడా ఒప్పందాల్లో ఉంటుంది. ఆస్టిన్ వైపు సున్నపురాయి మీద కట్టే ఇళ్లలో ఆ ఒక్క వాక్యమే తక్కువ కొటేషన్‌ను ఎక్కువ కొటేషన్‌గా మార్చేయగలదు.

డబ్బు వరస గురించి పట్టుబట్టడానికి చట్టం వైపు నుంచి ఇంకా గట్టి కారణం ఉంది. మీరు బిల్డరుకు మొత్తం కట్టేసినా, అతను గనైట్ వాళ్లకు ఇవ్వకపోతే వాళ్లు మీ ఇంటి మీద లీన్ పెట్టే వీలుంది. అంటే వాళ్ల బకాయి మీ ఇంటికి చుట్టుకుంటుంది, ఇల్లు అమ్మబోతే అడ్డం పడుతుంది. సొంతంగా కాపురముండే ఇంటి మీద అది చెల్లాలంటే టెక్సస్‌లో షరతులున్నాయి. పని మొదలవకముందే రాతపూర్వక ఒప్పందం ఉండాలి, భార్యాభర్తలిద్దరూ సంతకం చేయాలి, కౌంటీ కార్యాలయంలో నమోదు కావాలి. బిల్డరు ఇద్దరి సంతకాలూ అడిగితే దాని వెనక కథ ఇదే. యజమానికి రక్షణ కూడా అదే చట్టంలో ఉంది. మొత్తంలో 10 శాతాన్ని, పని పూర్తయ్యాక 30 రోజుల వరకు ఇవ్వకుండా అట్టే పెట్టాలని టెక్సస్ చట్టం చెబుతుంది. అట్టే పెట్టనివాళ్లు ఆ మేరకు సబ్‌కాంట్రాక్టర్లకు బాధ్యులవుతారు. అంటే 'ప్లాస్టరుకు ముందే మొత్తం కట్టేయాలి' అన్న షరతుకు ఒప్పుకుంటే చట్టం ఇచ్చిన గొడుగును మీరే మడిచి పక్కన పెట్టినట్టు. ప్రతి చెక్కుకూ బదులుగా, ఈ సొమ్ము ముట్టింది, దీనికి లీన్ పెట్టం అని బిల్డరుతోనూ సబ్‌కాంట్రాక్టర్లతోనూ రాయించుకునే పత్రాలున్నాయి. వాటి నమూనాలు 2012 నుంచి చట్టంలోనే ఉన్నాయి. కాపురముండే ఇంటి మీద 5,000 డాలర్లు దాటిన పనికి కట్టిన డబ్బును కాంట్రాక్టరు విడిగా ఖాతాలో ఉంచాలన్న నియమం కూడా ఉంది. ఆ ఖాతా ఏ బ్యాంకులో ఉందని అడగడం తప్పు కాదు. ఆ ప్రశ్న వినగానే బిల్డరు మొహం ఎలా మారుతుందన్నది గూగుల్ రివ్యూల కంటే ఎక్కువ చెబుతుంది.

దీనికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం, 'ఇలాంటి షరతులకు ఏ బిల్డరూ ఒప్పుకోడు, సీజన్‌లో అసలే ఒప్పుకోడు' అనేది. అందులో నిజం లేకపోలేదు. బిల్డరూ వ్యాపారస్తుడే. ఇనుము, గొట్టాలు, మోటార్లు ముందే కొనాలి, పని అయ్యాక డబ్బివ్వని యజమానులూ ఉంటారు. పూల్ తవ్వి తిరిగి తీసుకెళ్లగలిగేది కాదు గనక అతని భయమూ న్యాయమైందే. అందుకే అడ్వాన్సే వద్దనడం సబబు కాదు. సంతకానికి 5 శాతం, తవ్వకం అయ్యాక 15, ఇనుమూ గొట్టాలూ పూర్తై తనిఖీ పాసయ్యాక 20, గనైట్ అయ్యాక 25, టైలు, అంచు రాళ్లు అయ్యాక 15, డెక్, ప్లాస్టరు అయ్యాక 10, మిగతా 10 చట్టం చెప్పినట్టు 30 రోజుల తర్వాత. ఇది బేరానికి మొదటి మాట, శాసనం కాదు. ఇందులో గనైట్ అయ్యేసరికి బిల్డరుకు 65 శాతం ముట్టింది. చేసిన పనికి దాదాపు సరిపోయినట్టే, అతను చేతి డబ్బు పెట్టుకోవాల్సింది ఒక్కో దశకే. ఖరీదైన సామాను కోసం ముందు డబ్బు కావాలంటే బిల్డరు పేరూ సప్లయరు పేరూ కలిపి ఒకే చెక్కు రాయొచ్చు. ఇంత సర్దుబాటుకూ ఒప్పుకోని బిల్డరు దగ్గర చేతిలో డబ్బు లేదని అర్థం. లేదా మీ తర్వాత ఇంకో పదిమంది వరసలో ఉన్నారని. రెండోదైతే అతను నిజంగా మంచివాడు కావచ్చు. ఆరు నెలలు ఆగి శీతాకాలంలో అడిగితే మాట మారవచ్చు. పూల్ లేకుండా ఒక వేసవి గడిస్తే కొంపేం మునగదు.

'మనవాళ్లు పదిమంది చేయించుకున్నారు, అందరూ బాగుందంటున్నారు' అన్నది రెండో అభ్యంతరం. పరిచయాల మీద నమ్మకం మన అలవాటు, చాలా విషయాల్లో మేలే చేస్తుంది. ఇక్కడ చిక్కల్లా ఆ పదిమంది చెప్పేది కొత్త పూల్ గురించి కావడమే. గోడ లోపల ఏముందో వాళ్లకూ తెలియదు. రెబౌండ్ నింపిన మెట్లు మొదటి ఏడాది రివ్యూకు అయిదు నక్షత్రాలే తెస్తాయి. కాబట్టి అడగాల్సింది అయిదారేళ్ల కిందట కట్టించుకున్నవాళ్లను. టైల్సు ఊడాయా, నీళ్లు తగ్గుతున్నాయా, వారంటీకి పిలిస్తే వచ్చాడా, చివరి చెక్కు ఎప్పుడిచ్చారు అని. అంత పాత కస్టమర్ల పేర్లు ఇవ్వలేని కంపెనీ బహుశా నిరుటిదాకా ఇంకో పేరుతో ఉండి ఉంటుంది.

'నగరం ఇన్‌స్పెక్టర్లు వస్తారుగా' అనేవాళ్లూ ఉన్నారు. వస్తారు. గనైట్‌కు ముందు చువ్వలనూ రాగి తీగనూ చూస్తారు, తర్వాత కరెంటు, ఆఖరున కంచె, గేటు. కానీ వాళ్లు చూసేది కోడ్ ప్రకారం ప్రమాదం లేకుండా ఉందా అని. కొట్టిన కాంక్రీటులో రెబౌండ్ ఉందా, ఒప్పుకున్న మోటారే బిగించారా, అరుగు ఆరు అంగుళాలు పొట్టిగా వచ్చిందా అన్నది వాళ్ల పని కాదు. ఇక 'మధ్యలో బిల్డరెందుకు, మనమే సబ్‌కాంట్రాక్టర్లను పెట్టుకుంటే మార్జిన్ మిగులుతుంది' అన్నవాళ్లకు సమాధానం పైనే ఉంది. బిల్డరు అమ్మేదే ఆ వరస. తవ్వినవాడు కొలత తప్పితే గనైట్ వాడు నా పని కాదంటాడు, ఇద్దరి మధ్యా నిలబడాల్సింది ఆఫీసు కాల్‌లో ఉన్న మీరే. కట్టుబడి పని తెలిసి, రోజంతా ఇంటి దగ్గర ఉండగలిగితే చేయొచ్చు, కాదనను.

చివరి 10 శాతం గురించి ఒక మాట మిగిలింది. ప్లాస్టరు పూసిన వెంటనే నీళ్లు పట్టడం మొదలుపెట్టాలి, నిండేదాకా గొట్టం ఆపకూడదు. మధ్యలో ఆపితే గోడ చుట్టూ వలయంలా మరక పడిపోతుంది. మొదటి 28 రోజులూ గోడల్ని బ్రష్షుతో రుద్దుతూ, నీటి రసాయనాలు సరిచూస్తూ ఉండాలి. అది బిల్డరు చేస్తాడా, యజమాని చేయాలా అన్నది ఒప్పందంలో ఉండాలి, లేకపోతే ఆనక మరకకు మీరే కారణం అంటాడు. కంచె సంగతీ అంతే. అమెరికాలో 1 నుంచి 4 ఏళ్ల పిల్లల మరణాలకు మొదటి కారణం నీళ్లలో మునగడం. అందుకే దానంతటదే మూసుకుని గడియ పడే గేటు లేనిదే తుది తనిఖీ పాసవదు. చాలా కొటేషన్లలో మాత్రం కంచె, గేటు, తలుపు అలారాలు 'యజమాని బాధ్యత' కిందే ఉంటాయి. పిల్లల భద్రత కోసం పూల్ చుట్టూ వేసే జాలీ కంచెను ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) వద్దనకుండా 2021లోనే టెక్సస్ చట్టం చేసింది, కాబట్టి ఆ సాకు చెల్లదు. దాన్ని ధరలో కలిపించుకుని, పట్టికలో ఆఖరి వరసలో 'ప్లాస్టరుకు ముందు' అని ఉంటే కొట్టేయించి, 'తుది తనిఖీ పాసై, మోటార్లు నడిచి, లీన్ పత్రాలన్నీ అందాక, 30 రోజులకు' అని రాయించుకుని, అప్పుడు ఇద్దరూ సంతకం చేయొచ్చు.